తుపాను వెలిసిన తరువాత

(పంచాయతి సభ్యుల శిక్షణ తరగతియందలి ప్రసంగ పాఠము)



తుపాను రాకమునుపు చేయవలసిన పనులను గూర్చి మీరు అనేక పర్యాయములు వినియున్నారు. హెచ్చరికలు దశలవారీగా వచ్చుననియు, ఎఱ్ఱరంగు హెచ్చరిక అందునప్పటికి తీరపు పల్లె ఖాళీ కావలెననియు మీకు విదితమే. ఆ సంగతులను మేము నేడు తిరిగి చెప్పబోము. గాలి నిలిచి, వాన తెరపి యిచ్చి, తెల్లవారునప్పటికి ఊరు మోకాలిలోతు నీటిలో నున్నదనుకొనుడు. బడి భవనములో మూడువందలమంది తలదాచుకొనియున్నారు. కరెంటు లేదు. దారిమీద చెట్లు పడియున్నవి. ఆ ఉదయము మొదలుకొని పంచాయతి ఏమి చేయవలెనన్నదే మా విషయము.

మన తీరమునకు ఈ బాధ క్రొత్తది కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీద సముద్రము పొంగి సుమారు 30,000 మంది ప్రాణములను గొనిపోయెను. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చెను. అధికార లెక్కల ప్రకారమే 10,000 మంది వరకు మరణించిరి. ఆ తరువాత 1990 మే 9న దాదాపు అంతటి తుపానే కృష్ణానది ముఖద్వారమునకు సమీపముననే తీరము దాటెను. ఈసారి ముందుగానే ఆరు లక్షలమందికి పైగా జనులను మెఱక ప్రదేశములకు తరలించుటచేత, మృతుల సంఖ్య వెయ్యికి లోపుననే నిలిచెను. పదమూడు సంవత్సరములలో వచ్చిన ఈ మార్పు సామాన్యమైనది కాదు. అయితే ఇందులో నొక చిక్కు గలదు. ప్రాణము దక్కినవారి సంఖ్య పెరిగినకొలది, వారికి నీరు, అన్నము, నీడ కల్పించు భారము కూడ పెరుగును. గాలికి చావనివాడు వారము దినముల తరువాత విరేచనములతో చావరాదు గదా!

1977లో దివిసీమకు దేశము నలుమూలల నుండి సహాయము వచ్చెను. సైనికులు వచ్చిరి, సేవాసంఘములు వచ్చినవి, విద్యార్థులు వచ్చి శవములను తొలగించిరి. నటులు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గారలు ఊరూరు తిరిగి విరాళములు పోగుచేసిరి. ఆ ప్రాంతపు నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు సహాయ కార్యములలో చేసిన శ్రమను దివిసీమవారు నేటికిని చెప్పుకొందురు. మనస్సుకు కొఱత లేకుండెను. కాని భూమి స్వరూపమును చూడుడు. కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలును. ఆ పాయలకును సముద్రమునకును నడుమ చిక్కిన నేలయే దివిసీమ. అవనిగడ్డ దాటి సముద్రమువైపు పోయినకొలది దారులు సన్నగిల్లును. హంసలదీవి, సొర్లగొంది, ఏటిమొగ వంటి పల్లెలు ఆ చివరనున్నవి. ఉప్పెన మొదట తాకునది అక్కడ. సహాయము చివరకు చేరునదియు అక్కడనే. ఏ తుపానులోనైనను ఇదే వరుస.

ఈ వరుసను మార్చుటయే సహాయ సమన్వయము. మాట పెద్దది గాని పని చిన్నది. బియ్యము బస్తాలతో, నీళ్ల సీసాలతో పట్టణము నుండి ఒక లారీ వచ్చును. దాతలు మంచివారే. వారికి ఊరు తెలియదు, దారి తెలియదు. చీకటి పడకముందే తిరిగి పోవలెనన్న తొందర. రోడ్డు ప్రక్కనున్న మొదటి ఊరిలో జనము గుమిగూడగానే బండి ఆపి పంచివేయుదురు. మఱునాడు మఱియొక లారీ, ఆ ఊరిలోనే. నాలుగవ దినమునకు ఆ ఊరివారి యిండ్లలో దుప్పట్లు నాలుగేసి యుండగా, రెండు మైళ్ల లోపలనున్న పల్లెలో పసిబిడ్డకు కప్పుటకు గుడ్డ ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కూడ లోపలి వీధులకు ఆహారము చేర్చుట అన్నిటికంటె కష్టమైనది. పడవలు, హెలికాప్టర్లు, డ్రోనులు సైతము వాడవలసి వచ్చినది. నగరములోనే అట్లున్నప్పుడు లంకగ్రామముల సంగతి వేఱుగ చెప్పనేల?

కావున రోడ్డు మీది ఊరి పంచాయతివారికి మా విన్నపము ప్రత్యేకముగా నున్నది. మీ పొలిమేర వద్ద ఇద్దఱు సభ్యులను కూర్చుండబెట్టుడు. వచ్చిన ప్రతి వాహనమును ఆపి, ఎవరు, ఎక్కడినుండి, ఏమి తెచ్చినారో నోటుపుస్తకములో వ్రాయుడు. ఏ పల్లెకు ఏది చేరలేదో ఆ పుస్తకమే చెప్పును. అటుపిమ్మట దారి తెలిసిన యువకుని ఒకనిని బండి ఎక్కించి లోపలికి పంపుడు. “మాకు చాలినంత వచ్చినది, ఈ బండి ఆ పల్లెకు పోవలెను” అని సభ్యుడు నోరువిప్పి చెప్పుట సులభము కాదు. ఇంటివారు కోపింతురు, ఓటు వేసినవారు నిష్ఠురమాడుదురు. అయినను ఆ మాట చెప్పగలవాడు ఆ చోట మీరొక్కరే. తహసీల్దారు వచ్చి చెప్పినను జనము వినరు.

పాత బట్టల విషయము ఇక్కడనే చెప్పివేయుదము. ప్రతి తుపానుకును మూటలు మూటలుగా పాత బట్టలు వచ్చును. చిరిగినవి, కొలత కుదరనివి, మన ఆడువారు ఎన్నడును కట్టనివి. బడి వరండాలో గుట్టగా పడి, తడిసి, ముక్కిపోవును. అడిగినవారితో నిర్మొహమాటముగా చెప్పుడు: క్రొత్త చీరలు, పంచెలు, లుంగీలు, దుప్పట్లు, దోమతెరలు, టార్పాలిను పట్టాలు, వంటపాత్రలు, బకెట్లు, ఆడువారికి నెలసరి గుడ్డలు కావలెనని. ఈ చివరిదానిని అడుగుటకు మగ సభ్యులు సంకోచింతురు. మహిళా సభ్యులకు ఒప్పగించిన ఆ చిక్కు తీరును.

సహాయము కోరునప్పుడు ఎట్లు కోరవలెనన్నది మఱియొక సంగతి. జిల్లా కంట్రోలు రూముకు 1077, రాష్ట్ర కార్యాలయమునకు 1070 సంఖ్యలున్నవి. తుపాను మఱునాడు ఆ టెలిఫోనులు క్షణము విశ్రాంతి లేక మ్రోగుచుండును. “మా ఊరు మునిగిపోయినది, ఏమైన పంపుడు” అన్న పిలుపును ఎవరును ఏమియు చేయలేరు. “బడిలో 300 మంది ఉన్నారు. అందులో ఏడాది లోపు బిడ్డలు 11 మంది, నిండు గర్భిణులు 4. బియ్యము రెండు దినములకు చాలును. త్రాగునీరు సాయంకాలముతో అయిపోవును. తూర్పు రోడ్డు తెగినది, కాలువగట్టు మీదుగా ట్రాక్టరు రాగలదు” అని చెప్పిన పంచాయతికి నీటి ట్యాంకరు ముందుగా వచ్చును. ఒక ఊరినుండి పదిమంది పది విధములుగా మాట్లాడరాదు. ఒకరే ఉదయము, సాయంకాలము మాట్లాడవలెను. సెల్ టవరు పడిపోయిన యెడల, నీరు లేని దారిని పోగలవానిచేత చీటీ పంపవలెను. పాత పద్ధతియే అయినను అది ఎన్నడును చెడిపోదు.

పునరావాస కేంద్రమున జనులను ఎట్లు ఉంచవలెనో చెప్పుటకు లెక్కలున్నవి. 2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము 12వ సెక్షను, సహాయమునకు కనీస ప్రమాణములు ఉండవలెనని శాసించినది. ఆ ప్రకారము జాతీయ సంస్థ నిర్ణయించిన కొలతలలో కొన్ని ఇవి: మనిషికి మూడున్నర చదరపు మీటర్ల నీడ, దినమునకు కనీసము 3 లీటర్ల త్రాగునీరు, పెద్దలకు 2,400 కాలరీల ఆహారము, 30 మందికి ఒక మరుగుదొడ్డి. ఇప్పుడు మన మూడువందలమందిని ఈ కొలతలో పెట్టి చూడుడు. 1,050 చదరపు మీటర్ల చోటు కావలెను. దినమునకు 900 లీటర్ల త్రాగునీరు కావలెను. పది మరుగుదొడ్లు కావలెను. మీ బడిలో ఎన్ని యున్నవో మీకు తెలియును. రెండో, మూడో ఉండును. అందులో ఒకదానికి తాళము వేసియుండును. కనుకనే కేంద్రము ఒక్క బడి అనుకొనక, కల్యాణమండపము, దేవాలయ మండపము, చర్చి, మసీదు, మెఱకనున్న రైసు మిల్లు గోదాము ఇవి అన్నియు ముందే చూచి, ఎవరు ఎక్కడ ఉందురో నిర్ణయించుకొనవలెను. ఆ నిర్ణయము కులమును బట్టి జరుగరాదు. ఒక వాడవారిని లోపల ఉంచి, వేఱొక వాడవారిని వరండాలో నిలుపుట చట్టరీత్యా నేరము.

వంట విషయమున మన స్త్రీలకు చెప్పదగినది మావద్ద లేదు. మొదటి దినము పులిహోర పొట్లములు, రెండవ దినమునుండి అన్నము, పప్పు. తడిసిన కట్టెలు మండవు కావున గ్యాసు సిలిండర్లు రెండు ముందే మెఱకకు చేర్చిన చాలును.

నీటిని గూర్చి మాత్రము కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. మా అభిప్రాయమున తుపాను తరువాత పంచాయతి చేయు పనులలో దీనిని మించినది లేదు. వరద దిగినప్పుడు బావి నీరు తేటగా కనుపించును. ఆ తేటను నమ్మరాదు. దొడ్లలోని మలినము, చచ్చిన కోళ్లు, పురుగుమందుల డబ్బాలు తాకిన నీరది. సముద్రపు నీరు చేరిన చెరువైనచో ఉప్పు కూడ ఉండును. ఆ ఉప్పును ఏ మందును పోగొట్టలేదు. చెరువును పూర్తిగా తోడించి మఱల మంచినీటితో నింపవలసినదే. అంతవరకు ట్యాంకరే గతి. ఉప్పు లేని బావికి బ్లీచింగు పౌడరు వేయుడు. ఎంత వేయవలెనన్న ప్రశ్నకు చాలచోట్ల “రెండు గుప్పిళ్లు” అన్న సమాధానము వినవచ్చును. గుప్పిలి కొలత కాదు. బావి వెడల్పును మీటర్లలో కొలిచి, ఆ సంఖ్యను అదే సంఖ్యతో హెచ్చవేసి, నీటి లోతుతో హెచ్చవేసి, 3.14తో హెచ్చవేసి, నాలుగుతో భాగించి, వెయ్యితో హెచ్చవేసిన లీటర్లు వచ్చును. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు గల బావిలో 9,420 లీటర్లు ఉండును. తేటనీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పౌడరు లెక్కన, సుమారు 24 గ్రాములు కావలెను. బురద క్లోరినును మ్రింగివేయును. కనుక వరద చేరిన బావిని మొదట తోడించి, ఊరిన నీటికి మందు వేయవలెను. అప్పటికిని మోతాదు చాలినదో లేదో పరీక్షించియే తెలిసికొనవలెను.

పౌడరును తిన్నగా బావిలో కుమ్మరించుట కూడ తప్పు. బకెట్టులో కొంచెము నీటితో ముద్దగా కలిపి, బకెట్టు నిండుటకు కొంచెము తక్కువగా నీరు పోసి కలియబెట్టి, పది నిమిషములు కదలక ఉంచుడు. సున్నము అడుగున పేరును. పైతేటను వేఱొక బకెట్టులోనికి వంచి, ఆ బకెట్టును త్రాటితో బావిలోనికి దింపి, పైకి క్రిందికి ఆడించుడు. అడుగు సున్నమును బావికి దూరముగా గోతిలో పారబోయుడు. ఒక గంట గడిచిన పిమ్మటనే నీరు తోడవలెను. గంట తరువాత లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియున్న యెడల నీరు త్రాగవచ్చును. దీనిని చూచుటకు క్లోరోస్కోపు అను చిన్న పెట్టె ఆరోగ్య కార్యకర్తవద్ద ఉండును. తెఱచియున్న పాత పౌడరు సారము కోల్పోవును. నిరుడు మిగిలిన సంచిని నమ్ముకొనరాదు. ఇంత చేసినను ఎవరికైన విరేచనములు పట్టినచో ఓ.ఆర్.ఎస్. పొట్లము ఇప్పింపుడు. అది లేనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు తలగొట్టిన చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి త్రాగింపుచు ఆస్పత్రికి చేర్పుడు.

చచ్చిన పశువులను కాలువలోనికి నెట్టక, నీటి వనరులకు దూరముగా లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్పించుడు. ముందుగా ఫోటో తీయించి, పశువైద్యుని చేత వ్రాయించుకొనుడు. లేనిచో నష్టపరిహారము రాదు. పడిన కరెంటు తీగలను లైనుమాను వచ్చువరకు ఎవరును తాకరాదు. వరదనీటితో పాములు ఇండ్లలో చేరును. కాటువేసిన చోట కోయుట, బిగించి కట్టుట, మంత్రమునకు పోవుట మాని, కదలనీయక ఆస్పత్రికి గొనిపోవలెను.

ఇక జాబితాలు. నిజమునకు పంచాయతి పరువు నిలుచునది ఇక్కడ, పోవునదియు ఇక్కడనే. నష్టపోయిన కుటుంబముల పేర్లు వ్రాయుటకు కూర్చున్నప్పుడు మనచేతిలో నుండునది రేషను కార్డుల పట్టిక, లేక ఓటర్ల పట్టిక. రెంటిలోను లేనివారు తీరగ్రామములలో ఎందఱో కలరు. కాలువగట్ల మీద గుడిసెలు వేసికొను యానాదులు, కోతలకు వచ్చిన వలస కూలీలు, ఇటుక బట్టీల వారు, చేపల చెరువుల కాపలాదారులు. మన పెద్ద తుపానులు అక్టోబరు, నవంబరు మాసములలో వచ్చునవి ఎక్కువ. అది వరి పండు కాలము. కూలికై వచ్చినవారు ఊర నుండు కాలము కూడ. కొట్టుకొనిపోయినను వారి పేరు అడుగువారుండరు. కావున కార్డును బట్టి కాక పొయ్యిని బట్టి వ్రాయుడు. ఎన్ని పొయ్యిలు వెలుగుచుండెనో అన్ని కుటుంబములు. వ్రాయుటకు ఇద్దఱు పోవలెను. అందులో ఒకరు ఆ వాడకు చెందినవారుగా, ఒకరు స్త్రీగా ఉండిన మేలు. వ్రాసిన పట్టికను గోడకు అంటించుటతో సరిపెట్టక, కేంద్రములో అందఱి యెదుట బిగ్గరగా చదువవలెను. చదువు రానివారికి గోడ ఏమి చెప్పును? చదువునప్పుడు తగవులు వచ్చును. రానిండు. పంపిణీనాడు వచ్చు తగవుకంటె చదివిననాటి తగవు నయము.

సభ్యుని బంధువు ఇల్లు పడకపోయినను పడినట్లు వ్రాయుట కొన్నిచోట్ల జరుగుచున్నదని మేము చెప్పనవసరము లేదు. అట్టి పేరు ఒకటి బయటపడిన యెడల అధికారులు జాబితా మొత్తమును అనుమానించి, మఱల విచారణకు పంపుదురు. అప్పుడు నిజముగా ఇల్లు పోయిన వానికి వారములు ఆలస్యమగును.

పొలముల నష్టము విషయమున కౌలుదారు మాట తలపెట్టవలెను. డెల్టాలో నేల ఒకరిది, సాగు మఱియొకరిది. పెట్టుబడి సహాయము పట్టాదారు ఖాతాకు పోయినచో, విత్తనము చల్లి, అప్పు తెచ్చి, నీట మునిగిన వరిని చూచి ఏడ్చినవానికి ఏమియు మిగులదు. సాగు హక్కు పత్రము ఉండి, ఈ-క్రాపులో కౌలుదారు పేరు నమోదైయున్ననే అతని వాదము నిలుచును. ఈ పని తుపాను తరువాత సాగదు. నాట్లు పడిన నెలలోనే పంచాయతి వెంటబడి చేయించవలెను. పట్టాదారులు సంతకమునకు వెనుకాడుదురు. వారిని ఒప్పించుట కూర్చుండి మాట్లాడు పని, మీ వంటివారి పని.

చివరగా, కానరానివారిని గూర్చి. 1996 నవంబరు 6న కోనసీమ తుపానులో వెయ్యిమందికి పైగా మరణించుటయే కాక, వందలకొలది జనులు జాడ తెలియక పోయిరి. భైరవపాలెము వంటి పల్లెలలో వేటకు పోయినవారు ఒడ్డు చేరలేదు. శవము దొరకని భర్త మరణించినట్లు ఋజువు ఎట్లు? సామాన్య చట్టము ప్రకారము ఏడు సంవత్సరములు జాడ తెలియకుండినగాని మరణించినట్లు భావింపరు. ఏడేండ్లు ఆ స్త్రీ పింఛను లేక, పరిహారము లేక, సువాసిని అనియు వితంతువు అనియు చెప్పలేక బ్రదుకవలెనా? 2004 డిసెంబరు సునామీ, 2013 ఉత్తరాఖండ వరదల తరువాత ఇట్టివారికై ప్రభుత్వము త్వరిత విచారణ పద్ధతిని కల్పించినది. మన ప్రాంతమున అట్టి ఉత్తరువు వచ్చినప్పుడు ఆధారముగా నిలుచునది, ఆ దినమున ఏ పడవలో ఎవరెవరు పోయినారో చెప్పు కాగితము. కావున మత్స్యకారుల పల్లె గల ప్రతి పంచాయతియు రేవులో ఒక పుస్తకము నుంచి, వేటకు పోవు పడవ నంబరు, మనుష్యుల పేర్లు, తేదీ వ్రాయించవలెను. పదవ తరగతి చదివిన కుఱ్ఱవానికి అది పది నిమిషముల పని.

వితంతువులైనవారికిని, తలిదండ్రులను కోల్పోయిన బిడ్డలకును వేఱుగ రిజిస్టరు ఉంచవలెననియు, వితంతువులకు 15 దినములలో ధ్రువపత్రమును, ఇరువురకును 45 దినములలో సహాయమును అందజేయవలెననియు ఆ జాతీయ ప్రమాణములలోనే యున్నది. మీలో ఎక్కువమందికి ఈ గడువులు తెలియవు. తెలియని గడువును ఎవరు అడుగుదురు? ఆ రెండు సంఖ్యలను పంచాయతి ఆఫీసు గోడమీద సున్నముతో నైనను వ్రాయించి యుంచుడు. పదునాలుగవ దినమున ఆమెను వెంటబెట్టుకొని మండల కార్యాలయమునకు మీరే పోవలెను. ఆమె ఒంటరిగా పోయినచో “రేపు రమ్ము” అందురు.

పడవల పుస్తకము, పొయ్యిల పట్టిక, బావుల కొలతలు ఈ మూడును వర్షాకాలము ముగియకముందే సిద్ధము కావలెను. వచ్చినవారిలో బావులు కొలిచిన పంచాయతులెన్నో చేతులెత్తిన, ప్రశ్నలకు అక్కడినుండియే మొదలుపెట్టుదము.